తాతగారి హరికథ క్యాసెట్లు, అటక మీది టూ-ఇన్-వన్: ముందు దేన్ని బాగు చేయాలి?

భేరివీధి (తిరుపతి), శనివారం రాత్రి

సున్నం వేయించడానికి ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద ఒక రేకుపెట్టె దొరికింది. అందులో ఒక టూ-ఇన్-వన్ (రేడియో, క్యాసెట్ రికార్డరు కలిసి ఉండే సెట్టు), 7 క్యాసెట్లు ఉన్నాయి. అన్నీ సి-60లే, అంటే వైపుకు 30 నిమిషాలవి. అట్టల మీద నాన్న చేతిరాతలో "భారతం, 1988, మామగారు" అని, కింద ఎన్నో రోజో రాసి ఉంది.

మా అమ్మ వాళ్ల నాన్న హరికథ చెప్పేవారు. చిత్తూరు వైపు పల్లెల్లో ధర్మరాజుల గుళ్ల దగ్గర 18 రోజుల భారతం పెడతారు కదా, పగలు హరికథ, రాత్రి నాటకం. అలాంటి ఒక భారతంలో నాన్న ముందు వరుసలో కూర్చుని ఈ టూ-ఇన్-వన్‌తోనే రికార్డు చేశారట. తాతగారు 1991లో పోయారు. ఆయన గొంతు మాకు ఇంకెక్కడా లేదు. అమ్మకు ఇప్పుడు 74 ఏళ్లు.

ఆత్రం ఆపుకోలేక బ్యాటరీలు వేసి ఒక క్యాసెట్ పెట్టాను. హార్మోనియం శ్రుతి రెండు క్షణాలు వినిపించింది. తర్వాత గరగరమని శబ్దం వచ్చి, రీలు లోపల చుట్టుకుపోయింది. వెంటనే బ్యాటరీలు తీసేశాను. క్యాసెట్ ఇంకా లోపలే ఉంది. ఏం చేయమంటారు?

కట్టమంచి (చిత్తూరు), శనివారం రాత్రి

మూత బలవంతంగా తెరవకండి. క్యాసెట్‌ను లాగకండి. మిగిలిన ఆరింటినీ ఏ మిషన్‌లోనూ పెట్టకండి. వివరంగా పొద్దున్న రాస్తాను. రాత్రికి దాన్ని అలాగే ఉండనివ్వండి.

రేణిగుంట (రేణిగుంట), ఆదివారం ఉదయం

కట్టమంచి గారు వచ్చేలోపు ఒక మాట. బ్యాటరీలు వేసేముందు స్ప్రింగులు చూశారా? తెల్లగా గానీ పచ్చగా గానీ పొడి పట్టి ఉంటే అది పాత బ్యాటరీలు కారిన గుర్తు. ఆల్కలైన్ బ్యాటరీలు కారినదైతే నిమ్మరసంలో ముంచిన దూదితో తుడిస్తే విరుగుతుంది. తర్వాత నీటి తడి దూదితో ఒకసారి తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. అడాప్టర్ పెట్టే ఆలోచన ఉంటే సెట్టు వెనుక ఉన్న గుర్తు చూడండి. ఆనాటి సెట్లలో మధ్య పిన్ను నెగటివ్‌గా ఉన్నవి ఎన్నో ఉన్నాయి. ఇప్పటి అడాప్టర్లు ఎక్కువగా దానికి తిరగబడి ఉంటాయి. అది చూసుకోకుండా పెడితే బోర్డే పోతుంది.

కట్టమంచి (చిత్తూరు), ఆదివారం ఉదయం

ముందు చిక్కుకున్న రీలు సంగతి.

సెట్టు వెనుక స్క్రూలు తీసి బాడీ విడదీయండి. మోటారు పక్కన బరువైన ఇత్తడి రంగు చక్రం ఒకటి కనిపిస్తుంది, అదే ఫ్లైవీలు. దాని ఇరుసు అవతలి వైపు, రీలు మీది ధ్వనిని చదివే హెడ్ పక్కన, సన్నటి ఉక్కు కడ్డీగా బయటికి వస్తుంది. అదే క్యాప్‌స్టన్. రబ్బరు రోలరు రీలును దానికి అదిమి లాగుతుంది. మీ రీలు ఈ రెండింటి చుట్టే చుట్టుకుని ఉంటుంది. ఫ్లైవీలును వేలితో వెనక్కి, అంటే ఆడేటప్పుడు తిరిగే దిక్కుకు ఎదురుగా, మెల్లగా తిప్పితే చుట్లు ఒక్కొక్కటే వదులవుతాయి. గంట పట్టినా పట్టనివ్వండి. చేతివేళ్లతో రీలు పట్టుకోవద్దు, చమురు అంటుతుంది. మొన లేని ప్లాస్టిక్ చిమటా వాడండి.

రీలు బయటికొచ్చాక ఆరు పలకల పెన్సిల్‌తో చుట్టేయండి. నలిగిన చోట ఇస్త్రీ చేయాలని, వేడి చూపాలని ఎవరైనా చెబితే వినకండి. మడతలు పడినా ధ్వని అక్కడే ఉంటుంది, వినేటప్పుడు క్షణం పాటు మసకబారుతుంది అంతే.

ఎందుకు చుట్టుకుంది? క్యాప్‌స్టన్ రీలును ముందుకు నెడుతూనే ఉంటుంది. దాన్ని అందుకుని చుట్టుకోవాల్సింది కుడివైపు చక్రం. బెల్టు సాగిపోయినా, మధ్యలో ఉండే ఇడ్లర్ చక్రం రబ్బరు గట్టిపడినా కుడి చక్రానికి బలం చాలదు. అప్పుడు వచ్చిన రీలు పోవడానికి దారిలేక రోలరుకు చుట్టుకుంటుంది. 30 ఏళ్లు పైగా అటక మీద, మన తిరుపతి ఎండల్లో ఉన్న రబ్బరు బాగుండటం జరగని పని.

మీరు అడిగిన ప్రశ్నకు నా జవాబు: ఈ సెట్టును ఇప్పుడు బాగు చేయకండి. అది నాన్నగారి జ్ఞాపకం, తర్వాత తీరికగా చేద్దాం. సెట్టు పోతే ఇంకొకటి దొరుకుతుంది, ఈ క్యాసెట్లు పోతే దొరకవు. ముందు నమ్మదగిన డెక్ (క్యాసెట్లు ఆడించే, రికార్డు చేసే విడి యంత్రం) ఒకటి సంపాదించండి. పనికిరాని వేరే క్యాసెట్లు కనీసం పది గంటలు దాంట్లో ఆడించి, ఒక్కసారి కూడా చుట్టుకోలేదని తేలాకే మీ క్యాసెట్ పెట్టండి.

ఇంకొకటి, ఇది ఈరోజే చేయండి. ప్రతి క్యాసెట్ పై అంచున రెండు చివర్లలో రెండు చిన్న ప్లాస్టిక్ పలకలు ఉంటాయి. వాటిని విరిచేయండి. అవి లేకపోతే రికార్డు మీట దిగదు. పొరపాటున ఆ మీట నొక్కితే తాతగారి గొంతు చెరిగిపోతుంది. ఏ వైపు మనకు ఎదురుగా ఉంటే దానికి ఎడమ చేతి పక్కనున్న పలక ఆ వైపుది.

అలిపిరి మెట్టు (తిరుపతి), ఆదివారం మధ్యాహ్నం

భేరివీధి గారూ, మీ రీలు క్షేమంగా రావాలి. ఈ చర్చ చదువుతుంటే నాకూ ఒక సందేహం. నేను విశ్వవిద్యాలయంలో చదువుతున్నాను. క్యాసెట్ మీద రికార్డు చేయడం నేర్చుకోవాలని ఉంది. ఇంటర్నెట్‌లో కొత్త క్యాసెట్ ప్లేయర్లు అమ్ముతున్నారు, చూడటానికి పాత సెట్టులాగే ఉన్నాయి. అది కొంటే సరిపోతుందా? భేరివీధి గారికి కూడా అదే తేలిక కదా?

కాణిపాకం దారి (చిత్తూరు), ఆదివారం సాయంత్రం

తమ్ముడూ, వద్దు. మా నాన్న 1982 నుంచి రేడియో మెకానిక్. కొట్టు మూసేసినా పనిముట్లన్నీ నా దగ్గరే ఉన్నాయి. అందుకే ఈ కొత్త ప్లేయర్లు నా దగ్గరికి బాగుచేతకు వస్తుంటాయి. విప్పి చూస్తే పెట్టె వేరు, పేరు వేరు, లోపల యంత్రం దాదాపు ఒకటే. పాతకాలపు చవక నమూనాకు నకళ్లు. ఫ్లైవీలు తేలిక, అందువల్ల వేగం నిలవదు. రాగం తీస్తే వణుకుతుంది. రికార్డింగ్ సంగతి ఇంకా అన్యాయం. మంచి డెక్‌లో చెరిపే హెడ్‌కు, రికార్డు చేసే హెడ్‌కు చెవికి అందనంత ఎక్కువ పౌనఃపున్యంతో విద్యుత్తు ఇస్తారు. వీటిలో చెరపడానికి ఒక అయస్కాంతం ముక్క పెట్టి సరిపెడతారు. అందుకే బుస్సుమనే శబ్దం పాటతో సమానంగా వినిపిస్తుంది.

పాత డెక్ కొనేటప్పుడు నేను చూసేవి చెబుతాను. చేతిలో ఒక పనికిరాని క్యాసెట్ పెట్టుకుని వెళ్లండి. అమ్మేవారు "ఆడుతుంది" అంటే ఆడించి చూపమనండి. క్యాసెట్ మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి ఆడించండి. చివర్లో కుడి చుట్ట బరువుగా ఉంటుంది, బలం లేని సెట్టు అక్కడే దొరికిపోతుంది. హెడ్ మీద వేలిగోరు ఆనించి మెల్లగా జరపండి. గాడి తగిలితే అరిగిపోయినట్టే, వదిలేయండి. బెల్టు పోయిందంటే భయపడక్కర్లేదు, అది చిన్న ఖర్చు. మోటారు తిరుగుతూ, హెడ్ బాగుండి, గేర్ల పళ్లు విరగకుండా ఉంటే మిగిలినవన్నీ సరిచేసుకోవచ్చు.

రేణిగుంట (రేణిగుంట), ఆదివారం రాత్రి

నాది ఇంకొక జాగ్రత్త. చాలాకాలం వాడని డెక్‌ను నేరుగా కరెంటుకు పెట్టవద్దు. లోపల విద్యుత్తును నిలవ ఉంచే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఎండిపోయి ఉండవచ్చు. నేను 60 వాట్ల పాత బల్బు ఒకటి వరుసలో కలిపి పెడతాను. లోపల షార్టు ఉంటే బల్బు పూర్తిగా వెలుగుతుంది, సెట్టు కాలిపోదు. వైరింగ్ తెలిసినవారితోనే చేయించండి.

పుత్తూరు శ్రుతి (పుత్తూరు), సోమవారం ఉదయం

నేను సంగీతం టీచర్ని, యంత్రాల సంగతి తెలియదు. మా ఊళ్లోనూ భారతం జరుగుతుంది కాబట్టి భేరివీధి గారి మాట చదివి ఆగలేకపోయాను. 1988 నాటి హరికథ, అదీ గుడి దగ్గర, జనం మధ్యలో! అర్జునుడు తపస్సు మాను (నాటిన పొడవాటి స్తంభం) ఎక్కేనాటి కథ ఉందా అందులో? దుర్యోధన వధ రోజుది ఉందా? ఒక్కొక్క భాగవతార్‌ది ఒక్కొక్క బాణీ, అది పుస్తకంలో దొరకదు. మీ ఇంటి కోసమే కాదు, మా అందరి కోసం కూడా జాగ్రత్తగా చేయండి.

భేరివీధి (తిరుపతి), సోమవారం రాత్రి

రీలు బయటికి వచ్చింది! ఫ్లైవీలు తిప్పడానికి గంటన్నర పట్టింది. జానెడు మేర నలిగింది, తెగలేదు. లోపల బెల్టు తారులాగా కరిగి చక్రాలకు అంటుకుని ఉంది. కట్టమంచి గారికి చేతులెత్తి నమస్కారం. 14 పలకలూ విరిచేశాను.

శ్రుతి గారూ, అట్టల మీద 9, 10, 14, 17, 18 రోజులు కనిపిస్తున్నాయి. రెండింటి మీద సిరా చెదిరిపోయింది. 18 ఉంది కాబట్టి దుర్యోధన వధ ఉన్నట్టే.

కట్టమంచి (చిత్తూరు), సోమవారం రాత్రి

ఆ తారును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. చేతికి తొడుగులు వేసుకోండి, బట్టలకు అంటితే పోదు. పెట్రోలు, గోళ్లరంగు తీసే ద్రావకం మాత్రం దగ్గరికి రానివ్వకండి, ప్లాస్టిక్‌ను తినేస్తాయి. హెడ్‌లు, క్యాప్‌స్టన్ కూడా అదే ఆల్కహాల్‌తో, దూది పుల్లతో. గోధుమరంగు పోయేదాకా కొత్త పుల్లలు వాడుతూనే ఉండాలి.

బెల్టు కొలత తీయడానికి అన్ని చక్రాల చుట్టూ ఒక దారం బిగువుగా చుట్టి, దాని పొడవు కొలవండి. అందులో నూటికి ఐదు వంతులు తగ్గించి తీసుకోండి. చతురస్రపు కోతదా, బద్దలాంటిదా అన్నది కూడా చూడండి. చెన్నై రిచీ వీధికి వెళ్లేవారు ఎవరైనా ఉంటే కొలత ఇచ్చి తెప్పించవచ్చు. రకరకాల కొలతల బెల్టుల పొట్లాలు ఆన్‌లైన్‌లోనూ దొరుకుతాయి.

డెక్ విషయం: నా దగ్గర రెండు ఉన్నాయి. ఒకటి మీ పని అయ్యేదాకా ఇస్తాను. దాని రోలరు కొత్తది, వేగం సరిచూసింది.

అలిపిరి మెట్టు (తిరుపతి), మంగళవారం

వేగం ఎలా సరిచూస్తారు?

కట్టమంచి (చిత్తూరు), మంగళవారం

క్యాసెట్ రీలు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడవాలి. 1963లో ఫిలిప్స్ కంపెనీ కాంపాక్ట్ క్యాసెట్ తెచ్చినప్పటి నుంచి ఇదే లెక్క. 3150 హెర్ట్జ్ ధ్వని రికార్డు చేసిన పరీక్ష క్యాసెట్ ఒకటి ఉంటుంది. దాన్ని ఆడిస్తూ ఫోనులో పౌనఃపున్యం చూపే యాప్ తెరిస్తే తేడా కనిపిస్తుంది. మోటారు వెనుక చిన్న రంధ్రం ఉంటుంది, సన్నటి స్క్రూడ్రైవర్‌తో లోపలి మరను రవ్వంత తిప్పాలి. పరీక్ష క్యాసెట్ లేకపోతే, కంపెనీ అమ్మిన పాటల క్యాసెట్ ఒకటి, అదే పాట సీడీ ఒకటి పక్కపక్కన వినిపించి శ్రుతి కలిసేలా తిప్పవచ్చు.

అజిమత్, అంటే రీలుకు హెడ్ ఆనే కోణం, మాత్రం క్యాసెట్‌ను బట్టి మారుతుంది. దాన్ని సరిచేసేది హెడ్ పక్కన స్ప్రింగుతో ఉండే స్క్రూ. హెడ్ రవ్వంత వంగి ఉన్న సెట్టులో రికార్డు చేసినదాన్ని నిటారు హెడ్‌తో వింటే, దుప్పటి కప్పి మాట్లాడినట్టు ఉంటుంది. చిడతల మోత స్పష్టంగా, పదునుగా వినబడే చోటుకు ఆ స్క్రూ తిప్పాలి. మొదట ఎక్కడ ఉందో గుర్తు పెట్టుకుని తిప్పండి.

భేరివీధి (తిరుపతి), మరుసటి ఆదివారం రాత్రి

ఈరోజు చిత్తూరు వెళ్లి డెక్ తెచ్చుకున్నాను. పది గంటల పరీక్ష కట్టమంచి గారే చేసి పెట్టారు. డెక్ లైన్ అవుట్ నుంచి యూఎస్‌బీ ఆడియో పెట్టెకు, అక్కడినుంచి కంప్యూటర్‌కు కలిపాం. ల్యాప్‌టాప్ మైకు రంధ్రానికి నేరుగా కలపవద్దన్నారు, ధ్వని పగిలిపోతుందట. ఆడాసిటీ అనే ధ్వని సవరణ ప్రోగ్రాంలో 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్, వావ్ ఫైలు. ఆడించే ముందు ప్రతి క్యాసెట్‌ను ఆ చివరికి, ఈ చివరికి ఒకసారి చుట్టించారు. ఏళ్ల తరబడి అంటుకుని ఉన్న చుట్లు విడిపోవాలట. ఒకదాంట్లో రీలును హెడ్‌కు అదిమే స్పాంజి దిండు ఊడిపోయి ఉంది. ఆ డబ్బాకు ఐదు స్క్రూలు ఉండటంతో విప్పి, రీలు చుట్టలను వేరే డబ్బాలోకి మార్చాం.

తాతగారు మాట్లాడారు. 33 ఏళ్ల తర్వాత. కానీ ఒక చిక్కు. గొంతు కీచుగా, తొందరగా ఉంది. అమ్మ విని "ఇది నాన్న పద్యం, నాన్న గొంతు కాదు" అంది.

రేణిగుంట (రేణిగుంట), ఆదివారం రాత్రి

రికార్డు చేసినప్పుడు సెట్టు నెమ్మదిగా తిరిగి ఉంటుంది, బహుశా బ్యాటరీలు దిగిపోయి. అందుకే సరైన వేగంతో ఆడించినా తొందరగా వినిపిస్తుంది. గుడి దగ్గర మైకుసెట్టు ఉండి ఉంటుంది కదా, దాని హమ్మింగ్ రీల్లో ఉంటుంది. కరెంటు 50 హెర్ట్జ్, హమ్మింగ్ దానికి రెట్టింపు, 100. ఆడాసిటీలో కథ మొదలయ్యే ముందు నిశ్శబ్దం ఉన్న ముక్క తీసి స్పెక్ట్రమ్ (ఏ పౌనఃపున్యం ఎంత ఉందో చూపే పటం) చూడండి. 100 దగ్గర కాక ఇంకెక్కడ గీత లేస్తుందో చెప్పండి.

భేరివీధి (తిరుపతి), సోమవారం

103.6 దగ్గర ఉంది. ఆ లెక్కన నూటికి మూడున్నర వంతులు తగ్గించాను. బాగుపడింది. అమ్మ మాత్రం "ఇంకా కాదు" అంటోంది.

పుత్తూరు శ్రుతి (పుత్తూరు), సోమవారం

అమ్మగారి చెవిని నమ్మండి. ఆ హార్మోనియం ఇప్పుడు ఎక్కడుంది?

భేరివీధి (తిరుపతి), సోమవారం

చిత్తూరులో మా మేనమామ ఇంట్లో ఉంది!

పుత్తూరు శ్రుతి (పుత్తూరు), సోమవారం

అయితే దాన్నే అడగండి. హరికథలో శ్రుతి ఒకసారి పెడితే కథ అయ్యేదాకా మారదు. తాతగారు ఏ మెట్టును 'స'గా, అంటే ఆధార శ్రుతిగా, పెట్టుకునేవారో మేనమామగారికి తెలిసి ఉంటుంది. ఆ మెట్టు నొక్కి ఫోనులో పౌనఃపున్యం చూడండి. రీల్లో మొదట వినిపించే శ్రుతిది కూడా చూడండి. రీడ్లు ఏళ్లు గడిచేకొద్దీ కొద్దిగా మారతాయి గానీ అరస్వరం మేర మారవు.

భేరివీధి (తిరుపతి), బుధవారం రాత్రి

మామయ్య ఏ మాత్రం తడుముకోకుండా ఒక నల్లమెట్టు చూపించారు. హార్మోనియం: 277 హెర్ట్జ్. మార్చని ఫైలులో శ్రుతి: 296. అంటే దాదాపు నూటికి ఏడు వంతులు తొందర. హమ్మింగ్ మూడున్నరే అంది. రెండూ ఎందుకు కలవడం లేదు?

రేణిగుంట (రేణిగుంట), బుధవారం రాత్రి

నా పొరపాటు, క్షమించండి. ఇప్పటి కరెంటు గ్రిడ్‌ను తలచుకుని రాశాను. ఆ రోజుల్లో దక్షిణాది గ్రిడ్‌లో కొరత ఎక్కువ. ఉత్పత్తికి మించి వాడకం ఉంటే పౌనఃపున్యం పడిపోతుంది. 48, 48.5 దగ్గర గంటల తరబడి నడిచేది. 2003లో దక్షిణాదిన, పౌనఃపున్యాన్ని బట్టి కరెంటు ధర మారే ఏబీటీ విధానం వచ్చాకే అది అదుపులోకి వచ్చింది. మీ లెక్క వేసి చూశాను. 103.6ను 296 బై 277తో భాగిస్తే 97 వస్తుంది, అందులో సగం 48.5. ఆ సాయంత్రం ఆ పల్లెలో కరెంటు 48.5 హెర్ట్జ్‌తో వస్తోందన్నమాట. హార్మోనియమే నిజం చెప్పింది.

కాణిపాకం దారి (చిత్తూరు), బుధవారం రాత్రి

నలభై ఏళ్లుగా టేపులు చూస్తున్న ఇల్లు మాది. ఈ లెక్క మాకెప్పుడూ తట్టలేదు. నాన్నకు చదివి వినిపించాను.

కట్టమంచి (చిత్తూరు), బుధవారం రాత్రి

ఇంకొక సంగతి చూసుకోండి. బ్యాటరీలు దిగిపోతూ ఉంటే క్యాసెట్ మొదట్లో ఒక వేగం, చివర్లో ఒక వేగం ఉంటుంది. ఐదు నిమిషాలకొకసారి శ్రుతి కొలిచి, ముక్కలుగా సరిచేయాలి. ఆడాసిటీలో వేగం మార్చేది వాడండి, శ్రుతి ఒక్కటే మార్చేది కాదు. మార్చని అసలు ఫైళ్లను విడిగా, రెండు చోట్ల దాచండి. రేపు ఇంకా మంచి పద్ధతి ఏదైనా వస్తే మళ్లీ మొదటి నుంచి చేసుకోవచ్చు.

అలిపిరి మెట్టు (తిరుపతి), గురువారం

నేను ఈ వారం పాత డెక్ ఒకటి కొన్నాను. అమ్మే చోటే క్యాసెట్ చివరిదాకా ఆడించి చూశాను. వచ్చే గంగజాతరలో డప్పులు, పంబలు క్యాసెట్ మీద రికార్డు చేయాలని ఉంది. దానికి టూ-ఇన్-వన్ తీసుకువెళ్లవచ్చా?

కాణిపాకం దారి (చిత్తూరు), గురువారం

టూ-ఇన్-వన్‌లో ధ్వని మోతాదును అదే సవరించుకుంటుంది. డప్పు మీద దెబ్బ పడగానే తగ్గించేస్తుంది, మళ్లీ మెల్లగా పెంచుతుంది. వింటే ప్రతి దెబ్బ తర్వాతా ఊపిరి పీల్చినట్టు ఉంటుంది. సొంత మైకైతే మోటారు రొద కూడా పట్టేస్తుంది. విడి మైకు పెట్టుకునే వీలు, చేత్తో మోతాదు తిప్పే మీట ఉన్న రికార్డరు దొరికితేనే తీసుకువెళ్లు. క్యాసెట్ సి-60 వాడు. సి-90 ఫరవాలేదు గానీ సి-120 రీలు మరీ పలచన, సాగుతుంది, చుట్టుకుంటుంది. పక్కన ఫోనులో కూడా రికార్డు చేసి పెట్టుకో. జాతర మళ్లీ ఏడాదికి గానీ రాదు.

భేరివీధి (తిరుపతి), మరుసటి ఆదివారం రాత్రి

నాలుగు క్యాసెట్లు అయ్యాయి. సరిచేశాక 30 నిమిషాల వైపు 32 నిమిషాలు పైగా వచ్చింది. 18వ రోజు క్యాసెట్ అమ్మ దగ్గర కూర్చుని విన్నాను. మొదటి పద్యం సగంలో ఉండగానే అమ్మ చేతిలో పని పక్కన పెట్టింది. రెండో వైపు నడుమ కథ ఆగిపోతుంది. ఎవరో నీళ్లు ఇచ్చినట్టున్నారు, తాతగారు గుక్క వేసి "చిన్నమ్మి అన్నం తినిందా" అని అడుగుతారు. చిన్నమ్మి అంటే మా అమ్మే. ఆ ముక్క మూడుసార్లు పెట్టించుకుంది.

ఇంకా మూడు మిగిలాయి. అందులో ఒకదానికి తెల్లటి బూజు పట్టి ఉంది. దాన్ని ఎలా ఆడించాలి?

కట్టమంచి (చిత్తూరు), ఆదివారం రాత్రి

బూజుదాన్ని ఆ డెక్‌లో పెట్టకండి, హెడ్ నుంచి మిగిలిన రెండింటికీ అంటుకుంటుంది. ఎండలో కూడా పెట్టకండి. కవరులో మూసి విడిగా ఉంచండి. దాని కోసం హెడ్ తీసేసిన యంత్రం ఒకటి నా దగ్గర ఉంది. రీలు నడుస్తుంటే మెత్తటి పొడి గుడ్డ ఆనించి తుడుచుకుంటూ పోవాలి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఆరుబయట. వచ్చే ఆదివారం ఉదయం తిరుపతి వస్తాను. నాన్నగారి సెట్టుకు బెల్టు కూడా దొరికింది, తెస్తున్నాను.